నాయకుణ్ణి చంపితే దేశం ఒక్కటవుతుందా?

కాగితంపడవ:
దేశాన్ని ఏలేవాళ్లను ఎవరైనా చంపితే జనం పార్టీలు, మతాలు మర్చిపోయి ఒక్కటవుతారని చాలామంది గట్టిగా నమ్ముతారు. నాకు మాత్రం నమ్మకం లేదు. లోపల ఉన్న పగుళ్లే ఆ రోజు బయటపడతాయి. మీరేమంటారు?

నైట్‌షిఫ్ట్:
అమెరికా అధ్యక్షుడు కెనడీ సంగతేంటి మరి? 1963 నవంబర్ 22న డాలస్‌లో కాల్చేస్తే ఐదు రోజులకే, ఆయన తర్వాత అధ్యక్షుడైన జాన్సన్ అక్కడి పార్లమెంటు ముందు నిలబడి, కెనడీకి నివాళి అంటే నల్లవాళ్లపై వివక్షను ఆపే పౌరహక్కుల బిల్లు పాస్ చేయడమే అన్నాడు. కెనడీ ఉండగా కదలని బిల్లు 1964 జులైలో చట్టమైపోయింది.

కాగితంపడవ:
ఊరికే అయిపోలేదు బ్రో. దక్షిణాది సెనేటర్లు రెండు నెలలకు పైగా ఫిలిబస్టర్ చేసి, అంటే ఓటింగ్ జరగకుండా ఎడతెగని ప్రసంగాలతో సాగదీసి, అడ్డుపడ్డారు. కెనడీ కోసం వాళ్లూ కన్నీళ్లు పెట్టుకునే ఉంటారు, బిల్లు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి లెక్క వాళ్లదే.

పాతపేపర్లు:
అంత దూరం ఎందుకండీ, 1984 ఉందిగా. అక్టోబర్ 31న ఇందిరా గాంధీని సొంత అంగరక్షకులే, ఇద్దరు సిక్కులు, కాల్చి చంపారు, శిక్ష మాత్రం వాళ్ల మతంలో పుట్టిన ప్రతివాడికీ పడింది, ఒక్క ఢిల్లీలోనే ప్రభుత్వ లెక్క ప్రకారం 2,733 మంది చనిపోయారు. దీన్ని ఇప్పటికీ "జనాగ్రహం" అనేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. కోపం పట్టలేనివాడు చేతికి దొరికిన రాయి విసురుతాడు గానీ, ఓటర్ల జాబితా పట్టుకుని ఇల్లిల్లూ వెతుక్కుంటూ వస్తాడా? బాధితులు కమిషన్ల ముందు చెప్పింది అదే. పోలీసులు చూస్తూ నిలబడ్డారు, సైన్యం ఆలస్యంగా దిగింది. తర్వాత రాజీవ్ గాంధీ పెద్ద చెట్టు కూలితే భూమి కంపిస్తుందన్నారు. పార్లమెంటులో ఒక ప్రధాని నోట క్షమాపణ రావడానికి 2005 దాకా పట్టింది. దుఃఖం జనానిదే, ఒప్పుకుంటా. దాన్ని ఎటు తోలాలో తేల్చేది మాత్రం మొదటి రెండు రోజులు పోలీసులు ఎవరి మాట వింటారో వాళ్లు.

నైట్‌షిఫ్ట్:
అల్లర్లను నేనూ సమర్థించను. కానీ డిసెంబర్‌లో లోక్‌సభ ఎన్నికల్లో కాంగ్రెస్‌కు 400 సీట్లు దాటాయి కదా, దేశం ఒక్కటై ఓటేసినట్టు కాదా?

కాగితంపడవ:
అదే ఎన్నికల్లో ఆంధ్రప్రదేశ్‌లో 42 సీట్లకు 30 టీడీపీకి పడ్డాయి. అంటే తెలుగువాళ్లకు బాధ లేదనా? ఆగస్టులో ఎన్టీఆర్‌ను దించేసిన కోపం ఇంకా చల్లారలేదు, అంతే.

దారినపోయేవాడు:
ఇజ్రాయెల్ ప్రధాని రబీన్‌ది కూడా చూడండి. 1995 నవంబర్‌లో టెల్ అవీవ్‌లో శాంతి సభ ముగించుకుని వెళ్తుంటే ఒక యూదు యువకుడే చంపాడు. కుర్రాళ్లు రోజుల తరబడి ఆ చౌరస్తాలో కొవ్వొత్తులు పెట్టుకుని కూర్చున్నారు. ఏడు నెలలు తిరక్కముందే, పాలస్తీనావాళ్లతో రబీన్ చేసుకున్న శాంతి ఒప్పందాన్ని వ్యతిరేకించిన నెతన్యాహు ప్రధాని ఎన్నికల్లో గెలిచాడు. తేడా 30 వేల ఓట్లు కూడా లేదు.

నైట్‌షిఫ్ట్:
సరే, ఇది నాకు దెబ్బే :) కానీ అబే? 2022 జులైలో, అప్పటికి మాజీ ప్రధాని అనుకోండి, కాల్చేశాక జపాన్‌లో పూలు పెట్టడానికి క్యూలు కట్టారు.

పాతపేపర్లు:
కట్టారు. సెప్టెంబర్‌లో ప్రభుత్వ లాంఛనాలతో అంత్యక్రియలంటే వద్దని రోడ్డెక్కిందీ జపాన్ జనమే. చంపినవాడు తన తల్లి యూనిఫికేషన్ చర్చి అనే మత సంస్థకు డబ్బంతా ధారపోసి ఇల్లు గుల్ల చేసిందన్నాడు, దాంతో అధికార పార్టీ నేతలకు ఆ చర్చితో ఉన్న సంబంధాలన్నీ బయటికి లాగారు. ఇక్కడ నాకే తేల్చుకోవడం కష్టంగా ఉంది. చర్చి బాధితుల గోడు వినాల్సిందే, కాదనను. అయితే తుపాకీ పేలేదాకా ఎందుకు వినలేదు? రేపు ఇంకొకడు ఇదే దారి అనుకుంటే?

కాగితంపడవ:
దానికి నా దగ్గర జవాబు లేదండీ. ఎవరైనా చెప్తే వింటా.