38 మంది ఉన్న మెషిన్ షాపుకు ఈఆర్‌పీ కావాలా, టాలీ–ఎక్సెల్ చాలా?

చర్లపల్లి_లేతు:
మాది చర్లపల్లిలో మెషిన్ షాపు. పంపు షాఫ్టులు, వాల్వ్ స్పిండిళ్లు, బుష్‌లు చేస్తాం. 38 మంది, రెండు షిఫ్టులు, 6 సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) లేతులు, 2 వీఎంసీలు (నిలువు మిల్లింగు యంత్రాలు). టర్నోవర్ 7 కోట్ల దాకా ఉంటుంది. హీట్ ట్రీట్‌మెంటు, హార్డ్ క్రోమ్ ప్లేటింగు బయట చేయిస్తాం. ఖాతాలు టాలీలో, స్టోరు లెక్క ఎక్సెల్‌లో, ప్రొడక్షన్ ప్లాను సూపర్‌వైజర్ నోట్‌బుక్కులో నడుస్తున్నాయి. ప్లేటింగుకు పోయినవి ఎన్ని తిరిగొచ్చాయో చలాన్లు తిరగేస్తే గానీ తేలదు. షీట్లో బారు (ఉక్కు కడ్డీ) ఉంటుంది, ర్యాకులో ఉండదు. ఏ ఆర్డరు మీద మిగిలిందో, దేని మీద చేతి నుంచి పడిందో ఏడాది చివర కూడా తెలియదు. ఒక సాఫ్ట్‌వేర్ సంస్థవాళ్లు కొనుగోలు నుంచి డిస్పాచ్ దాకా అన్నీ ఒకే సాఫ్ట్‌వేర్‌లో (ఈఆర్‌పీ) వస్తాయంటున్నారు. ఆడిటర్‌గారేమో టాలీ చాలంటున్నారు. దేన్ని చూసి తేల్చుకోవాలండీ?

స్టోర్_లెడ్జర్:
మనుషుల సంఖ్య చూసి తేల్చకండి. 15 మందితోనే ఈఆర్‌పీ అవసరం పడే షాపులుంటాయి, 100 మంది ఉన్నా అక్కర్లేనివీ ఉంటాయి. ఏడాది పొడవునా అవే నాలుగు పీసులు చేసే చోట ఎక్సెల్ హాయిగా నడుస్తుంది. ఒకే బారును నాలుగు ఆర్డర్లకు పంచాల్సి రావడం, పని మధ్యలో సరుకు బయటికెళ్లి రావడం, ఈ రెండూ కలిసిన చోట చిక్కుపడుతుంది. మీది ఆ కోవే.

అయినా కొటేషన్‌కు ఒప్పుకునే ముందు మూడు పరీక్షలు పెట్టండి.

ఒకటి, స్టాకు. బాగా కదిలే ఐటమ్‌లు 20 తీసుకుని, షీట్లో అంకె చూపించకుండా స్టోరుతో సంబంధం లేని మనిషితో లెక్కపెట్టించండి. 18 కలిస్తే స్టోరు దారిలో ఉన్నట్టే. 12 దగ్గరే ఆగితే రోగం వేరే చోట ఉంది: రెండో షిఫ్టులో స్టోరుకు తాళం వేసి ఉంటుంది, తాళంచెవి ఆపరేటర్ దగ్గర ఉంటుంది, బారు బయటికొస్తుంది, స్లిప్పు మాత్రం మర్నాడు గుర్తుంటే రాస్తారు. దీని మీద ఏ సాఫ్ట్‌వేర్ పెట్టినా స్టాకు తప్పే చూపిస్తుంది, ఎంట్రీలు వెనకాముందు పడితే మైనస్‌లోకీ పోతుంది. మైనస్ స్టాకును అనుమతించే సెట్టింగు పెట్టేస్తే రేట్లు కూడా తప్పుతాయి, ఆర్డరు ఖర్చు అంతకంటే తప్పుతుంది.

రెండు, ఆనవాలు. పోయిన నెలలో పంపిన ఒక షాఫ్టుకు హీట్ నంబరు (ఉక్కు ఏ కరిగింపు నుంచి వచ్చిందో చెప్పే అంకె), మిల్లు టెస్ట్ సర్టిఫికెట్ (ఉక్కు మిల్లు ఇచ్చే పరీక్ష పత్రం), ప్లేటింగు చలాను తెచ్చిపెట్టమనండి. గంటలో రావాలి.

మూడు, ఖర్చు. పూర్తయిన ఒక ఆర్డరు తీసుకుని మెటీరియలు, మెషిన్ గంటలు, బయటి పని, రిజెక్షను కలిపి పీసుకు ఎంత పడిందో లెక్కేసి, కొటేషన్‌లో వేసిన అంకె పక్కన పెట్టి చూడండి.

మొదటిదే తప్పితే ముందు స్టోరు సరిచేయండి, మిగతాది ఆర్నెల్ల తర్వాత ఆలోచించవచ్చు. మొదటిది నెగ్గి, మిగతా రెండూ తప్పితే మీకు ఈఆర్‌పీ నిజంగానే కావాలి.

జాబ్‌వర్క్_చలాను:
పై మాటలో సగమే ఒప్పుకుంటాను. అడిగినవాటిలో పెద్ద నొప్పి ప్లేటింగు సరుకు. దానికి ఆర్నెల్లు ఆగే వీల్లేదు, ఈఆర్‌పీ కూడా అక్కర్లేదు. టాలీలో జాబ్ ఆర్డర్ ప్రాసెసింగ్ ఆన్ చేయండి. ప్రతి ప్లేటరునూ ఒక గోడౌనుగా తెరిచి, మన సరుకు వేరేవాళ్ల దగ్గరుంది అనే ఆప్షన్ పెట్టండి. పంపినప్పుడు మెటీరియల్ అవుట్, వచ్చినప్పుడు మెటీరియల్ ఇన్ వోచరు. ఎవరి దగ్గర ఏది ఎన్నాళ్లుగా కూర్చుందో గోడౌన్ల వారీగా కనిపిస్తుంది.

ఇది సౌకర్యం కోసం కాదు. జీఎస్‌టీ చట్టం 143వ సెక్షన్ ప్రకారం జాబ్ వర్కుకు (బయట చేయించే పనికి) పంపిన సరుకు ఏడాదిలోగా తిరిగి రావాలి, లేదా అక్కడి నుంచే అమ్ముడుపోవాలి. లేకపోతే పంపిన రోజునే అమ్మినట్టు లెక్కగట్టి పన్నూ వడ్డీ కట్టాల్సి వస్తుంది. యంత్రాల్లాంటి మూలధన సరుకుకైతే మూడేళ్లు. మీ టర్నోవర్ 5 కోట్లు దాటింది కాబట్టి ఐటీసీ–04 (జాబ్ వర్కు సరుకు లెక్క చెప్పే జీఎస్‌టీ ఫారం) ఏడాదికి రెండుసార్లు వేయాలి: ఏప్రిల్–సెప్టెంబరుకు అక్టోబరు 25లోగా, మిగతా ఆరు నెలలకు ఏప్రిల్ 25లోగా. 500 పంపితే 488 వచ్చి, మరో 7 ఇంకో చలానులో వచ్చి, 5 పీసుల సంగతి ఎవరూ అడగకపోవడం మామూలే. తిరుగు చలాను మీద పాత చలాను నంబరు రాయించకపోతే ఆ 5 ఎప్పటికీ దొరకవు.

ఈ–ఇన్‌వాయిసుకు (ప్రభుత్వ పోర్టల్లో నమోదు చేసే బిల్లుకు) కొత్త సాఫ్ట్‌వేర్ కావాలని ఎవరైనా చెబితే నమ్మకండి. 5 కోట్లు దాటినవాళ్లకు అది 2023 ఆగస్టు 1 నుంచే ఉంది, టాలీ నుంచే వెళ్తుంది.

కటింగ్_అలవెన్సు:
ఎవరూ ఎత్తని సంగతి ఒకటుంది. డెమోలో మెరిసే సిస్టమ్‌లు షాపులో ఎక్కువగా బోల్తాపడేది బీఓఎం (ఒక పీసుకు ఏ మెటీరియలు ఎంత పడుతుందో చెప్పే పట్టిక) దగ్గర. బారు కిలోల్లో కొంటారు, మీటర్లలో ఇస్తారు, పీసుల్లో లెక్కపెడతారు. ఉదాహరణకు 50 ఎంఎం ఈఎన్8 (ఒక రకం కార్బన్ ఉక్కు) బారు, 80 ఎంఎం పొడవు పీసు.

బరువు సూత్రం అందరికీ తెలిసిందే: ఉక్కు బారు డయా (ఎంఎంలో వ్యాసం) వర్గాన్ని 162తో భాగిస్తే మీటరుకు కిలోలు. 2500/162 అంటే 15.43 కిలోలు. పార్టింగుకు (పీసు కోసి వేరు చేయడానికి) 3 ఎంఎం, ఫేసింగుకు (చివర చదును చేయడానికి) 2 ఎంఎం కలిపితే పీసుకు 85 ఎంఎం, అంటే 1.31 కిలోలు. చాలామంది ఇదే అంకె బీఓఎంలో పెట్టి వదిలేస్తారు. కానీ 3 మీటర్ల బారులో చక్ పట్టుకునే చివరి ముక్క 60 ఎంఎం పోతుంది. మిగిలిన 2940లో 34 పీసులే వస్తాయి. 46.3 కిలోల బారును 34తో భాగిస్తే పీసుకు 1.36 కిలోలు. 2,000 పీసుల ఆర్డరుకు తేడా 100 కిలోలు. సిస్టమ్‌లో ఆ 100 కిలోలు ర్యాకులో ఉన్నట్టు కనిపిస్తాయి, నిజానికవి తుక్కు డబ్బాలో ఉంటాయి. మీరు చెప్పిన ‘షీట్లో ఉంది, ర్యాకులో లేదు’లో కొంత ఇదే అయ్యుండొచ్చు, అంతా రెండో షిఫ్టు మీద వేయకండి.

ఐటమ్ పేర్లు కూడా. ‘ఈఎన్8 50 డయా’, ‘50 రౌండు ఈఎన్–8’, ‘షాఫ్టు బారు 50’ అని ఒకే బారుకు మూడు పేర్లుంటే మూడు స్టాకులు తయారవుతాయి. ఏ సాఫ్ట్‌వేర్ తీసుకున్నా, తీసుకోకపోయినా కోడ్ల పట్టిక ఇప్పుడే వేసి, కొత్త కోడు తెరిచే అధికారం ఒక్కరికే ఇవ్వండి.

చర్లపల్లి_లేతు:
ప్లేటింగు లెక్క ఈ వారమే టాలీలోకి ఎక్కిస్తాం. స్టోరు సరయ్యాక ఈఆర్‌పీ అనుకుంటే, ఉచితంగా దొరికే ఈఆర్‌పీనెక్స్ట్ చాలా, డబ్బు పెట్టి కొనాలా? ఆరేడు ఆపరేషన్లున్న షాఫ్టుకు ప్రతి ఆపరేషన్ దగ్గరా ఎంట్రీ వేయించాలంటున్నారు, అది మా ఆపరేటర్లతో అవుతుందా?

స్టోర్_లెడ్జర్:
అవ్వదు, వేయించకండి. ప్రతి ఆపరేషనుకూ జాబ్ కార్డు పెడితే మొదటి వారం బాగానే రాస్తారు, తర్వాత షిఫ్టు దిగేటప్పుడు అన్నీ ఒకేసారి అందాజాగా కొట్టేస్తారు. లెక్కపెట్టే చోట్లు మూడే పెట్టుకోండి: టర్నింగు అయ్యాక, ప్లేటింగు నుంచి వచ్చాక, ప్యాకింగు ముందు. ఎంట్రీ ఆపరేటరు వేయడు, షిఫ్టు సూపర్‌వైజరు వేస్తాడు. ఖర్చు తేల్చడానికి అది చాలు.

ఈఆర్‌పీనెక్స్ట్ ఓపెన్ సోర్స్, లైసెన్సుకు పైసా అక్కర్లేదు. డబ్బు పోయేది సర్వరుకు, సెటప్ చేసే మనిషికి, తర్వాత మీరు అడిగే మార్పులకు. కొనే సాఫ్ట్‌వేర్‌లోనూ లైసెన్సు కంటే ఇవే ఎక్కువవుతుంటాయి. ఈఆర్‌పీనెక్స్ట్‌లో ఒక జాగ్రత్త: పాత తేదీతో స్టాకు ఎంట్రీ వేస్తే ఆ తేదీ నుంచి విలువలన్నీ తిరగరాసుకుంటుంది, నెలాఖరు రిపోర్టు మారిపోతుంది. ఫలానా తేదీకి ముందు స్టాకును ముట్టకుండా ఫ్రీజ్ చేసే సెట్టింగు మొదటి రోజే పెట్టండి.

ఎవరిది చూసినా డెమో వాళ్ల డేటాతో వద్దు. మీ డ్రాయింగు ఒకటి ఇచ్చి మీ ముందే నడపమనండి: 200 పీసుల ఆర్డరు, 12 రిజెక్షను, క్రోమ్ సరిగా పట్టని 6 పీసులు క్రోమ్ తీయించి మళ్లీ ప్లేటింగుకు, 150 ఒక ఇన్‌వాయిసులో, మిగతావి పది రోజుల తర్వాత. మళ్లీ ప్లేటింగుకు పోయే ఆ ఆరు పీసుల దగ్గరే చాలా డెమోలు ఆగిపోతాయి.

జాబ్‌వర్క్_చలాను:
ప్రైవేట్ లిమిటెడ్ అయితే ఇంకో మాట. ఖాతాలు కూడా కొత్తదాంట్లోకి మారిస్తే, అందులో ఎవరేం మార్చారో నమోదయ్యే ఎడిట్ లాగ్ ఆపడానికి వీల్లేకుండా ఉండాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి కంపెనీలకు అది తప్పనిసరి, ఆడిటర్ తన రిపోర్టులో రాస్తారు. భాగస్వామ్య సంస్థకు, సొంత యాజమాన్యానికి ఈ నిబంధన లేదు. మీ ఆడిటర్‌గారు టాలీ చాలనడానికి ఇదొక కారణం కావచ్చు. ఖాతాలు టాలీలోనే ఉంచి, స్టోరు, ప్రొడక్షను మాత్రం వేరేదాంట్లో నడిపి, రోజూ ఇన్‌వాయిసులు ఇటు ఎక్కించే పద్ధతీ ఉంది. మొదటి ఏడాదికి నేనైతే అదే చెబుతాను.

కటింగ్_అలవెన్సు:
మారే రోజు ఏప్రిల్ 1 పెట్టుకోండి, మార్చి 31న ఎలాగూ స్టాకు లెక్కపెడతారు. లేతుల మీద సగంలో ఉన్న పీసుల్ని కూడా లెక్కపెట్టించండి, వాటిని వదిలేస్తే మొదటి నెల ఆర్డరు ఖర్చులన్నీ తక్కువగా కనిపిస్తాయి. ఒప్పందంలో రెండు సంగతులు రాయించుకోండి: డేటా మొత్తం ఎక్సెల్ రూపంలో ఎప్పుడంటే అప్పుడు మీరే తీసుకోగలగాలి, మీకోసం చేసిన మార్పులు కొత్త వెర్షన్ వచ్చినప్పుడు పోకుండా చూసే బాధ్యత వాళ్లదే.