ఇంటికి తెల్ల సున్నం వద్దన్న డచ్ గవర్నర్ సంగతి నిజమేనా?

జమ్మలమడుగు పెయింటర్:
అందరికీ నమస్కారం. మా నాయన బతికినన్నాళ్లూ సున్నం పనే చేశాడు. నేను పెయింటింగ్ చేస్తున్నా. మొన్న ప్రొద్దుటూరులో ఒక ఇంటికి బయటంతా తెల్ల రంగు వేశాం. మూడో రోజు ఎదురింటి పెద్దామె వచ్చింది. కంటి ఆపరేషన్ అయి నెల కూడా కాలేదంట. "పది దాటితే వాకిట్లో కూర్చోలేకపోతున్నా నాయనా, మీ గోడ కండ్లలో పొడుస్తాంది" అనింది. ఇంటాయన వినలేదు. నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మా నాయన సున్నంలో నీలం కలిపేవాడు, కింద జాజు పట్టీ తీసేవాడు. అది అందానికేనని ఇన్నాళ్లూ అనుకున్నా.

ఎక్కడో ఒక దీవికి గవర్నరైన డచ్ నేవీ ఆఫీసరు గోడలకు తెలుపు వేయొద్దని ఆర్డర్ వేశాడని మా మేనల్లుడు చెప్పినాడు. ఆయన ఎవరు? తెలిసినవాళ్లు చెప్పండి.

కర్నూలు హిస్టరీ సార్:
నిజమే బాబూ. ఆయన పేరు ఆల్బర్ట్ కిక్కర్ట్. నెదర్లాండ్స్ ఉత్తరాన ఉన్న వ్లీలాండ్ అనే చిన్న దీవిలో పుట్టాడు. నౌకాదళంలో చేరి అడ్మిరల్ స్థాయికి ఎదిగాడు. కరీబియన్ సముద్రంలో కురసావ్ అని డచ్ వాళ్ల దీవి ఉంది. దాన్ని ఇంగ్లీషు వాళ్లు 1807 జనవరి 1న మెరుపుదాడి చేసి పట్టుకున్నారు. 1814 ఒప్పందం ప్రకారం 1816లో తిరిగి ఇచ్చేశారు. అప్పుడు గవర్నరుగా వెళ్లింది కిక్కర్ట్. మన భీమునిపట్నాన్ని కూడా అదే ఒప్పందం కింద డచ్ వాళ్లకు తిరిగిచ్చి, 1825లో మళ్లీ తీసుకున్నారు.

అక్కడ పగడపు రాయి కాల్చి సున్నం చేసేవాళ్లు, గోడలన్నీ తెల్లగా ఉండేవి. ఆ ఎండలో తెల్ల గోడ కంటికి చేటు చేస్తుందని 1817లో ఆయన తెలుపును నిషేధించాడు. రాజధాని విలెమ్‌స్టాడ్‌లో రేవు పక్క ఇళ్లు ఈరోజుకీ పసుపు, ఎరుపు, పచ్చ, నీలం రంగుల్లో ఉంటాయి. 1997లో యునెస్కో ఆ ఊరిని వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆయనకు రంగుల కొట్టులో వాటా ఉండేదని కూడా అక్కడ చెప్పుకుంటారు. అది జనం చెప్పుకునే కథ, ఆర్డర్ మాత్రం చరిత్ర. పదవిలో ఉండగానే 1819లో అక్కడే చనిపోయాడు.

ఒక మాట మరవొద్దు. ఆ ఊరు బానిసల వ్యాపారంతో బలిసిన ఊరు. 1795లో తూలా అనే బానిస నాయకత్వంలో తిరుగుబాటు జరిగితే అతన్ని ఘోరంగా చంపారు. అక్కడ బానిసత్వం పోయింది 1863లో. ఆ గోడలు కట్టిన చేతులు ఎవరివో కూడా తలుచుకోవాలి.

పత్తికొండ నుంచి:
సారూ, ఇది చదువుతుంటే మా మన్రో గుర్తొచ్చాడు. ఆయనా సిపాయి పనిలోంచే వచ్చాడు. 1800 నుంచి 1807 దాకా దత్తమండలాల కలెక్టరు, 1820లో మద్రాసు గవర్నరు. 1827 జూలైలో కలరా సోకి మా పత్తికొండలోనే పోయాడు, ఆయన కూడా పదవిలో ఉండగానే. ఊరూరూ తిరిగి రైతు భూమి చూసి శిస్తు కట్టినాయన. ఇద్దరూ పరాయి దొరలే, కానీ కింద ఎండలో నిలబడి చూసినారని నా అభిప్రాయం.

అనంతపురం మేస్త్రీ:
తమ్ముడూ, తెలుపు మిద్దె పైకి పెట్టు. పైన తెల్ల సున్నం కొడితే ఎండ వేడి వెనక్కి పోతుంది, లోపల ఫ్యాన్ గాలి కాస్త చల్లగా వస్తుంది. వీధి వైపు గోడకు మాత్రం లేత పసుపో, గంధం రంగో చాలు. మిద్దె పక్కనే ఎత్తు ఇల్లుంటే వాళ్ల కిటికీ చూసి వేయి.

జమ్మలమడుగు పెయింటర్:
సార్‌కీ, అన్నలకీ చాలా థ్యాంక్స్. ఈ పొద్దు ఆ ఇంటాయనకు కిక్కర్ట్ సంగతి చెప్పి, ముందు గోడకు లేత గంధం రంగు నా కూలి లేకుండా వేస్తానన్నా. రంగు ఖర్చు తాను పెట్టుకుంటానన్నాడు. ఆదివారం మొదలుపెడుతున్నా. కింద జాజు పట్టీ కూడా తీస్తా.