రెసిన్ మార్చాలా, మెంబ్రేన్ మార్చాలా? బోరు నీళ్లతో అద్దాలు కడిగేవాళ్లు చెప్పండి

రేణిగుంట_రోడ్డు:
అందరికీ నమస్తే. తిరుపతిలో లాడ్జీలకీ షోరూములకీ బయటి అద్దాలు కడిగే పని మాది. పొడుగు పోల్, దాని కొసకి బ్రష్, ఉప్పు తీసేసిన నీళ్లు. గుడ్డ పెట్టే పని లేదు, నీళ్లు ఆరిపోతే అద్దం తళతళలాడాల. ఇప్పుడు ఆరినాక తెల్ల చుక్కలు మిగులుతా ఉండాయి. నీళ్లలో కరిగిన ఉప్పు కొలిచే టీడీఎస్ మీటర్ రీడింగులు ఇవి (లీటరుకి మిల్లీగ్రాముల్లో): బోరు నీళ్లు 780, ఆర్‌ఓ (నీళ్లని ప్రెషర్‌తో మెంబ్రేన్ అనే సన్న పొరలో నుంచి నెట్టి ఉప్పు ఆపే మిషన్) దాటినాక 112, మిగిలిన ఉప్పు పట్టుకునే రెసిన్ పూసల సిలిండర్ దాటినాక 14. సామాన్లు అమ్మినాయన "రెసిన్ అయిపోయింది, కొత్తది వేయించుకో" అంటాడు. పోయినసారీ ఇదే మాట చెప్పి వేయించినాడు, చెప్పినన్నాళ్లు రాలేదు. మా బావేమో మెంబ్రేన్ పోయిందంటాడు. రెండూ ఒకేసారి కొనే తాహతు లేదు. ముందు ఏది?

మిద్దెమీద_ట్యాంకు:
మెంబ్రేనే. లెక్క కట్టు తమ్ముడూ. 780లో 112 దాటిపోతా ఉందంటే నూటికి 86 పాళ్లే ఆపుతోంది. బాగుండే మెంబ్రేన్ 95 నుంచి 98 దాకా ఆపాల. 98 ఆపితే నీ రెసిన్ మీద పడేది 16. ఇప్పుడు పడేది 112. అంటే ఏడింతలు తొందరగా అయిపోతుంది. అమ్మినాయన అబద్ధం చెప్పలేదు, రెసిన్ నిజంగానే అయిపోయింది. ఎందుకు అయిపోయిందో చెప్పలేదు, అంతే. చెబితే ఆయనకి బేరం ఏముంది?

తెలుగుగంగ_వీధి:
అసలు ఆర్‌ఓ ఎందుకు? ఒక బిందె మంచి నీళ్లకి రెండు మూడు బిందెలు కాలవలో పోసే మిషన్ అది. ఎండాకాలం వస్తే ట్యాంకర్ కోసం ఎదురుచూసే ఊర్లో ఇదేం న్యాయం? మున్సిపాలిటీ కొళాయిలో తెలుగు గంగ నీళ్లో, కల్యాణి డ్యామ్ నీళ్లో వస్తాయి. బోరంత ఉప్పు ఉండదు. అవి పట్టి నేరుగా రెసిన్‌లోకి వదులు. పంపు లేదు, కరెంటు లేదు, వృథా లేదు.

మిద్దెమీద_ట్యాంకు:
రెసిన్ ఎవరి డబ్బుతో కొంటావన్నా? కొళాయి నీళ్లు 200 ఉన్నాయనుకో. ఆర్‌ఓ పెడితే రెసిన్‌కి చేరేది 10 లోపే. పెట్టకపోతే మొత్తం 200. ఇరవై సిలిండర్ల రెసిన్ ఒకపక్క, ఒక సిలిండర్ ఇంకోపక్క. నెలకి నాలుగు ఇళ్లు కడిగేవాళ్లకి నీ పద్ధతి చాలు, కాదనను. లాడ్జీలకి కుదరదు.

లాడ్జి_మేనేజరు:
ఈ పని చేయించుకునే వైపు నుంచి ఒక ప్రశ్న. తాగే నీళ్లకే ఐఎస్ 10500 అనే భారత ప్రమాణం ప్రకారం టీడీఎస్ 500 దాకా మంచివంటారు, వేరే దారి లేకపోతే 2000 దాకా ఒప్పుకుంటారు. 14కే మచ్చలు పడతాయంటే నమ్మడం ఎలా? నీళ్ల మీదికి నెట్టి పని సరిగా చేయనివాళ్లను చూశాను.

నీళ్ల_ల్యాబు:
మేనేజరు గారూ, తాగిన నీళ్లలో ఉప్పు ఒంట్లోకి పోతుంది. అద్దం మీద నీళ్లు ఆవిరైపోతాయి, ఉప్పు మాత్రం అక్కడే ఉంటుంది. ఈ పనికి సున్నా రావాలి, 10 దాటితే చుక్కలు కనిపించే అవకాశం ఎక్కువ. ముదురు రంగు అద్దమైతే, ఎండ పడే గోడైతే ఇంకా తొందరగా కనిపిస్తాయి.

అయితే మీ అనుమానం పూర్తిగా కొట్టిపారేసేది కాదు. చుక్కలన్నీ ఈరోజు నీళ్లవే అని చెప్పలేం. ఏళ్ల తరబడి పైపుతో బోరు నీళ్లు కొట్టిన అద్దానికి గార పట్టి ఉంటుంది. తడిగా ఉన్నంతసేపు కనిపించదు, ఆరగానే బయటపడుతుంది. ఉప్పు లేని నీళ్లు దాన్ని కరిగించవు. ఒక మూల వెనిగర్ రాసి కాసేపు ఆగి తుడవండి. పోతే అది సున్నపు గార. పోకపోతే సిలికా (ఇసుకలో, రాళ్లలో ఉండే ఖనిజం) అని అనుమానించాలి. మన జిల్లాల్లో బోర్లు ఎక్కువగా గ్రానైట్, నైస్ అనే గట్టి రాళ్లలో వేసినవే, అలాంటి నీళ్లలో సిలికా ఉంటుంది. ఇందులో ఒక చిక్కుంది: సిలికాని టీడీఎస్ మీటర్ దాదాపు పట్టుకోదు. మీటర్ కొలిచేది నీళ్లలో కరెంటు ఎంత పారుతుందనేదే. రెసిన్ అలసిపోయేటప్పుడు మొదట జారిపోయే వాటిలో సిలికా ఒకటి, కాబట్టి మీటర్ సున్నా చూపిస్తున్నా మచ్చలు పడొచ్చు. రెసిన్ నుంచి చేపల వాసన వస్తుంటే అది కూడా చెడిపోతోందని గుర్తు.

ఇంకొకటి. కిటికీ పైన రబ్బరు బీడింగ్‌లో, అల్యూమినియం ఫ్రేములో చేరిన మురికి మెల్లగా కిందికి కారుతుంది. మచ్చలు అద్దం పైభాగంలో గీతలుగా ఉంటే నీళ్లను తిట్టకండి, ఫ్రేమును ముందు కడగండి.

చిత్తూరు_పంపులు:
ఇంతమంది మెంబ్రేన్‌కి ఉరిశిక్ష వేసినారు, ప్రెషర్ ఎంతని ఒక్కరూ అడగలేదే! మెంబ్రేన్‌లో నుంచి నీళ్లు దూరేది ప్రెషర్‌ని బట్టి. ఉప్పు దూరేది మాత్రం ప్రెషర్‌తో పెద్దగా మారదు. ప్రెషర్ పడిపోతే నీళ్లు తగ్గుతాయి, ఉప్పు అంతే వస్తుంది, మీటర్ ఎగబాకుతుంది. ముందు గేజీ చూడప్పా. మెంబ్రేన్ ముందర, మట్టి ఆపే సెడిమెంట్ ఫిల్టర్ దాటినాక ఎంతుంది?

రేణిగుంట_రోడ్డు:
35 పీఎస్ఐ ఉందన్నా. ఫిల్టర్ విప్పితే ఎర్రమట్టి రంగులో ఉండాది.

చిత్తూరు_పంపులు:
దొరికింది దొంగ. కొత్త సెడిమెంట్ ఫిల్టర్ వెయ్, క్లోరిన్ తీసే కార్బన్ ఫిల్టర్ కూడా మార్చు. కొళాయి నీళ్లు ఎప్పుడైనా కలుపుతా ఉంటే కార్బన్ తప్పనిసరి, క్లోరిన్ తగిలితే మెంబ్రేన్ పొర దెబ్బతింటుంది. ఆ తర్వాత బూస్టర్ పంపు ఆన్ చేసి మళ్లీ చూడు. ఇంకో మాట, ఆన్ చేసిన వెంటనే వచ్చే నీళ్లు చూసి భయపడొద్దు. మిషన్ ఆగినప్పుడు ఉప్పు మెల్లగా ఇవతలికి చేరుతుంది. మొదటి నీళ్లు రెసిన్‌లోకి పోనీకుండా బయటికి వదిలేయ్.

రేణిగుంట_రోడ్డు:
రెండూ మార్చినా. ఇప్పుడు 70 పీఎస్ఐ. కాసేపు వదిలినాక ఆర్‌ఓ నీళ్లు 48!

మిద్దెమీద_ట్యాంకు:
మంచిదే, ఒప్పుకుంటా. అయినా 94 పాళ్లే వస్తా ఉంది. నా మాట మీదనే నేనుంటా, మెంబ్రేన్ ముసలిదే.

చిత్తూరు_పంపులు:
ముసలిదో, ఒంటికి గార పట్టిన వయసుదో తెలియకుండా ఎట్ల? వేడి చెయ్యని నీళ్లలో నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్) కలిపి కడిగి చూడు, సున్నం కరుగుతుంది. దానికీ లొంగకపోతే అప్పుడు కొను. మెంబ్రేన్ ముందర సున్నం తీసే సాఫ్ట్‌నర్ పెట్టుకుంటే మళ్లీ ఈ గొడవ ఉండదు.

నీళ్ల_ల్యాబు:
సాఫ్ట్‌నర్ పెడితే టీడీఎస్ తగ్గుతుందని ఎవరూ అనుకోవద్దు. కాల్షియం తీసి సోడియం పెడుతుంది, మీటర్ దాదాపు అదే చూపిస్తుంది. మెంబ్రేన్‌కి గార పట్టకుండా కాపాడడం వరకే దాని పని. 780 బోరుకి పెట్టడం తప్పు కాదు, కాకపోతే దాన్ని ఉప్పునీళ్లతో కడగడానికి మళ్లీ నీళ్లు కావాలి. అంతకంటే ముందు ట్యాంకు ఎక్కడుందో చూసుకోండి. మిద్దె మీద నల్ల ట్యాంకు మే నెల మధ్యాహ్నం ఎలా కాగుతుందో తిరుపతి వాళ్లకి చెప్పక్కర్లేదు. మామూలు మెంబ్రేన్‌కి 45 డిగ్రీలు హద్దు. నీళ్లు వేడెక్కేకొద్దీ ఉప్పు కూడా ఎక్కువ జారుతుంది. తెల్లవారుజామున పట్టుకోండి, రీడింగ్ కూడా ప్రతిసారీ అదే వేళ తీసుకోండి. లేకపోతే పొద్దున అంకెని మధ్యాహ్నం అంకెతో పోల్చి మెంబ్రేన్ కొంటారు.

రేణిగుంట_రోడ్డు:
సరే. ముందు నిమ్మ ఉప్పుతో కడుగుతా. 30 కిందికి దిగకపోతే మెంబ్రేన్ కొంటా. అది తేలినాకే రెసిన్. ఇప్పుడే కొత్త రెసిన్ పోస్తే మళ్లీ 48 దాని నెత్తిన పడుతుంది. అంతదాకా చిన్న షోరూముల పని ఆపి, మేనేజరు గారి లాడ్జిలో లోపలి అద్దాలు వైపర్‌తో చేస్తాము.

తెలుగుగంగ_వీధి:
కాలవలో పోయే నీళ్ల సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు, గమనించినారా?

రేణిగుంట_రోడ్డు:
డ్రమ్ములో పడతా ఉండానన్నా. టీడీఎస్ వెయ్యి దాటి ఉంటుంది, చెట్లకి పోయలేము. లాడ్జి మెట్లు, పార్కింగు కడగడానికి వాడుకుంటాం, మేనేజరు గారు ఒప్పుకుంటే.

లాడ్జి_మేనేజరు:
మెట్లకి సరే. గెస్టుల కార్ల మీద మాత్రం ఒక్క చుక్క పడకూడదు.