అప్‌డేట్: ఎక్స్‌కవేటర్ కమ్యూనికేషన్ ఎర్రర్‌కు కారణం దొరికింది

మా ఎక్స్‌కవేటర్ వేడెక్కాక మానిటర్‌పై కమ్యూనికేషన్ ఎర్రర్ వచ్చి, ఇంజిన్ ఆర్‌పీఎం దానంతటదే పడిపోతోందని గత వారం అడిగాను. కంట్రోలర్ (యంత్రాన్ని నియంత్రించే ఎలక్ట్రానిక్ పెట్టె) మార్చాలని విజయవాడ ఆటోనగర్‌లో ఒక మెకానిక్ చెప్పగా, ముందు వైరింగ్ కొలిచి చూడమని మీలో కొందరు సూచించారు. ఆ సూచనే నా డబ్బు కాపాడింది.

బ్యాటరీ తీగ విప్పి, కంట్రోలర్లు ఒకదానితో ఒకటి సమాచారం పంచుకునే క్యాన్ లైనులోని రెండు తీగల (క్యాన్ హై, క్యాన్ లో) మధ్య మల్టీమీటర్ పెడితే, లోపం లేనప్పుడు రావాల్సిన 60 ఓమ్‌లే చూపడంతో మొదట నిరాశపడ్డాను. అయితే ఇంజిన్ వైపు హార్నెస్‌ను (తీగల కట్టను) చేత్తో కదిలించగానే అది 120కి ఎగబాకింది. లైనుకు రెండు చివర్లా ఉండే 120 ఓమ్‌ల రెసిస్టర్లు రెండూ సమాంతరంగా కలిస్తేనే 60 వస్తుంది కనుక, కదిలినప్పుడల్లా ఒక చివర తెగిపోతున్నదని తేలింది. ఆ వైపు కనెక్టర్ విప్పి చూస్తే, లోపల చెమ్మ చేరి ఒక పిన్ పచ్చగా చిలుము పట్టి ఉంది. పక్కనే క్లాంప్ ఊడి, తీగలు బ్రాకెట్‌కు రాసుకుంటున్నాయి. ప్రెషర్ వాటర్‌తో ఇంజిన్ కడిగించే అలవాటు నాదే, కాబట్టి తప్పు ఎవరి మీదా నెట్టలేను.

పిన్, సీల్ మార్పించి, ఒకదానికొకటి మెలిపెట్టి ఉండే ఆ రెండు క్యాన్ తీగల మెలికను విప్పకుండా అలాగే ఉంచి కొత్త క్లాంప్ బిగించాం. రెండు రోజులుగా కాలువ పూడికతీతలో నడుస్తోంది, ఎర్రర్ మళ్లీ రాలేదు.