నోబెల్ జాబితా బట్టీ వచ్చు, అయినా క్విజ్‌లో బోల్తా పడ్డాను. మీరెలా చదువుతారు?

బజర్‌బాబు:
మొన్న క్విజ్ ఫైనల్లో చేతిదాకా వచ్చిన కప్పు నా నోటివల్లే పోయింది. "ఫస్ట్ క్లాస్ క్రికెట్ ఆడిన రచయిత..." అని క్విజ్ మాస్టర్ ఇంకా అంటుండగానే బజర్ నొక్కి "కానన్ డాయిల్" అనేశాను. షెర్లాక్ హోమ్స్ కథలు రాసిన ఆయన, ఇంగ్లండ్ క్రికెట్ దిగ్గజం డబ్ల్యూ.జి. గ్రేస్‌ని ఔట్ చేశాడని ఎక్కడో చదివిన గుర్తు. తీరా ప్రశ్న చివర "...నోబెల్ కూడా అందుకున్నాడు, ఎవరు?" అని ఉందట. జవాబు ఐరిష్ నాటక రచయిత శామ్యూల్ బెకెట్. మా జట్టువాళ్లు ఇంకా నాతో సరిగ్గా మాట్లాడటం లేదు.

సాహిత్యం విడిగా, ఆటలు విడిగా అడిగితే టకటకా చెప్తాను. మతం, పత్రికలు కూడా ఫర్వాలేదు. రెండు కలిపి అడిగితేనే బుర్ర పనిచేయదు. ఇలాంటివి ఎలా చదవాలి?

వెనకబెంచి:
బాధపడకండి, మీరు చదివింది నిజమే. డాయిల్ ఆడినవి 10 మ్యాచ్‌లు, తీసింది ఒకే ఒక్క వికెట్. అది 1900లో గ్రేస్‌ది! నోబెల్ మాత్రం రాలేదు. బెకెట్ 1925, 1926లలో డబ్లిన్ యూనివర్సిటీ తరఫున నార్తాంప్టన్‌షైర్ మీద రెండు మ్యాచ్‌లు ఆడాడు. నోబెల్ 1969లో.

పాతపేపరు:
నేను చాలాకాలం ప్రశ్నలు తయారుచేసే వైపు కూర్చున్నాను. అటువైపు రహస్యం చెప్తా. జాబితాలోంచి తీసిన ప్రశ్న మాకే బోర్. "ఎందుకు" అని అడగగలిగితేనే మాకు సరదా.

టూర్ డి ఫ్రాన్స్ సైకిల్ పోటీలో ముందున్నవాడికి పసుపు జెర్సీ ఇస్తారని అందరికీ తెలుసు. పసుపే ఎందుకు అంటే హాలంతా నిశ్శబ్దం. ఆ పోటీ పెట్టిందే ఒక పత్రిక, పేరు 'లోటో'. అమ్మకాలు పెంచుకోవడానికి 1903లో మొదలుపెట్టింది. దాన్ని అచ్చేసేది పసుపు కాగితం మీద. జెర్సీ 1919లో వచ్చింది. ఇది తెలిస్తే ఇటలీ సైకిల్ పోటీలో గులాబీ జెర్సీ ఎందుకో మీరే చెప్పేస్తారు. దాన్ని నడిపిన 'గజెట్టా డెల్లో స్పోర్ట్' గులాబీ కాగితం మీద వస్తుంది కాబట్టి.

మతం, ఆటలు కలిసేచోట నాకు ఇష్టమైనవాడు స్కాట్లాండ్ పరుగువీరుడు ఎరిక్ లిడెల్. 1924 పారిస్ ఒలింపిక్స్‌లో 100 మీటర్ల హీట్స్ (తొలి రౌండ్లు) ఆదివారం పడ్డాయని, క్రైస్తవుడిగా అది దేవుడి రోజని పరుగెత్తనన్నాడు. 400 మీటర్లకి మారి 47.6 సెకన్లలో బంగారం కొట్టాడు. ఆ తర్వాత చైనా వెళ్లి మిషనరీగా ఉండిపోయాడు. 1945లో అక్కడే, జపాన్ నిర్బంధ శిబిరంలో చనిపోయాడు.

వెనకబెంచి:
చిన్న సవరణ. లిడెల్ కథతో వచ్చిన 'చారియట్స్ ఆఫ్ ఫైర్' సినిమా చూసినవాళ్లు ఆయనకి పారిస్‌కి ఓడ ఎక్కేటప్పుడే షెడ్యూల్ తెలిసిందనుకుంటారు. నిజానికి నెలల ముందే తెలుసు, అందుకే 400కి ప్రాక్టీసు చేసుకునే టైం దొరికింది.

పాతపేపరు:
కరెక్ట్. ఇంకోటి: 1912 నుంచి 1948 దాకా ఒలింపిక్స్‌లో సాహిత్యానికీ పతకాలిచ్చారు. 1912లో బంగారం గెలిచిన కవిత మారుపేర్లతో వచ్చింది. రాసినవాడు ఒలింపిక్స్‌ని మళ్లీ మొదలుపెట్టించిన కూబర్టిన్!

సరే బజర్‌బాబు గారూ, గూగుల్ ముట్టుకోకుండా చెప్పండి. ఒలింపిక్ పతకం, నోబెల్ రెండూ ఉన్న ఒకే ఒక్క మనిషి ఎవరు?

బజర్‌బాబు:
కూబర్టిన్!!

పాతపేపరు:
మళ్లీ అదే తొందర. ఆయనకి నోబెల్ ఎక్కడిదండీ? ఫిలిప్ నోయెల్-బేకర్. 1920లో 1500 మీటర్ల వెండి, 1959లో శాంతి బహుమతి.

వెనకబెంచి:
మీ జట్టువాళ్ల బాధ ఇప్పుడర్థమైంది 😄