రెండో ఎడిషన్ సాహసాన్ని ఐదో ఎడిషన్‌లోకి మార్చడం ఎలా?

ప్రశ్న: పాచికలతో ఆడే కథల ఆట డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో 1989 నాటి రెండో ఎడిషన్ సాహసాన్ని (ముందే రాసిపెట్టిన ఆట కథను) 2014 నాటి ఐదో ఎడిషన్ నియమాలతో ఆడించాలి. ఆర్మర్ క్లాస్ (దెబ్బ తగలకుండా కాచే అంకె; పాతదాంట్లో తక్కువైతే మేలు), థాకో (ఆర్మర్ క్లాస్ 0 ఉన్నవాడికి దెబ్బ తగలాలంటే 20 ముఖాల పాచిక మీద పడాల్సిన అంకె) ఎలా మార్చాలండీ?

జవాబు 1: 20లోంచి పాత ఆర్మర్ క్లాస్ తీసేయండి. 4 ఉంటే 16 అవుతుంది. థాకో కూడా అంతే, 15 అయితే దాడి పాచికకు +5 కలపాలి. ఎలా చూసినా (పాతలెక్కలో 15 - 4, కొత్తలెక్కలో 16 - 5) పాచిక మీద 11 పడాలి. రాక్షసులకు మాత్రం ఈ లెక్క వాడొద్దు. ఓగర్ అనే రాక్షసుణ్నే చూడండి: పాతదానికి ఆర్మర్ క్లాస్ 5, హిట్ పాయింట్లు (ప్రాణబలం) సగటున 19. కొత్తదానికి 11, 59. అంటే ఇప్పుడు దెబ్బ సులువుగా తగులుతుంది, కానీ పడిపోవడానికి ఎక్కువ సేపు పడుతుంది. పాత అంకెలు దించితే పోరు మొదలవగానే ముగుస్తుంది. పేరు చూసి కొత్త పుస్తకంలోని అంకెలే వాడండి.

జవాబు 2: పై మాటకు ఒక చేర్పు: రాక్షసుల సంఖ్య తగ్గించండి. ఆరు ఓగర్లున్న గదిని అలాగే ఉంచితే చిన్న లెవెల్ జట్టు బతకదు. పాత సేవ్‌ల (ప్రమాదం తప్పించుకోవడానికి వేసే పాచికల) బదులు నిప్పు ఊపిరికి డెక్స్‌టెరిటీ (చురుకుదనం) సేవ్, విషానికీ చలి ఊపిరికీ కాన్‌స్టిట్యూషన్ (దేహదారుఢ్యం) సేవ్ పెట్టండి. విషంతో నేరుగా చావు అని రాసినచోట డ్యామేజ్ పాచికలు (ఎన్ని హిట్ పాయింట్లు పోతాయో తేల్చేవి) పెట్టండి.

జవాబు 3: నిధి కూడా చూసుకోండి. ఐదో ఎడిషన్‌లో ఆర్మర్ క్లాసులు పెద్దగా పెరగవు, +3 కత్తి (దాడి పాచికకు 3 కలిపే మాయా కత్తి) చేతికిస్తే దాదాపు ప్రతి దెబ్బా తగులుతుంది. +1 చాలు.