సంక్రాంతికి థార్ ఎడారి గ్రూప్ ట్రిప్: మన కారులో పోవచ్చా?

నల్గొండ సోషల్ టీచర్:
అందరికీ నమస్కారం. మా ఆయనకు డ్రైవింగ్ అంటే పిచ్చి. హైదరాబాద్‌లో ఒక టూర్ వాళ్లు సంక్రాంతి సెలవుల్లో థార్ ఎడారికి గ్రూపుగా తీసుకెళ్తారట. పది పన్నెండు కార్లు వరసగా పోతాయి, ముందు గైడ్ కారు, అందరికీ వాకీటాకీలు. జోధ్‌పూర్‌లో కలుసుకుని పోఖ్రాన్, జైసల్మేర్, సమ్ ఇసుక తిన్నెలు, లోంగేవాలా, తనోట్ చూపించి మళ్లీ జోధ్‌పూర్‌లో వదిలేస్తారు. మన బ్రెజా ఇక్కణ్నుంచే నడుపుకుంటూ పోదామని ఆయన, వద్దని నేను. అత్తమ్మ కూడా వస్తానంటోంది, ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఇంట్లో రోజూ ఇదే పంచాయితీ. డబ్బు కట్టే ముందు వాళ్లను ఏమేం అడగాలి? పోయొచ్చినవాళ్లు ఎవరైనా చెప్పండి.

జడ్చర్ల లారీ ఓనర్:
చెల్లెమ్మా, నేను ఇట్లాంటి గ్రూపుతోనే పోయొచ్చాను. ముందు బావగారి సంగతి తేల్చుదాం. మీ దగ్గర్నుంచి జైసల్మేర్ 1,600 కిలోమీటర్ల పైమాటే. పెద్దమనిషిని కూర్చోబెట్టుకుని పోతే పోను మూడు రోజులు, రాను మూడు రోజులు. సెలవులన్నీ హైవే మీదే ఒడుస్తాయి. కాచిగూడ నుంచి భగత్ కీ కోఠీకి నేరుగా రైలుంది, అది జోధ్‌పూర్ పక్క స్టేషనే. అక్కడ గ్రూపు వాళ్ల బండే కిరాయికి తీసుకోండి, స్టీరింగ్ మాత్రం ఆయన చేతికే ఇవ్వమనండి. ఆయన సరదా తీరుతుంది, మీ నడుములూ బతుకుతాయి.

తనోట్ దాకా తారు రోడ్డే, దానికి బ్రెజా అయినా చాలు. తిన్నెల మీదికి మాత్రం ఫోర్ బై ఫోర్, అంటే నాలుగు చక్రాలకూ ఇంజిన్ బలం అందే బండి, లేకుండా పోవద్దు. తిన్నెలు మొదలయ్యే చోట మా గైడ్ అన్ని బండ్లనూ ఆపాడు. ఒక్కో టైరు దగ్గర గొంతుకూర్చుని, వాల్వ్ పిన్ను నొక్కి గాలి వదలడం, మీటర్ పెట్టి చూడడం, ఇంకాస్త వదలడం. 32 ఉన్నదాన్ని 18కి దించాడు. టైరు మెత్తబడి ఇసుక మీద వెడల్పుగా పరుచుకుంటుంది, తొందరగా దిగబడదు. చక్రం తిరుగుతున్నా బండి కదలకపోతే ఎక్సలేటర్ వదిలెయ్యాలి. కరిగెట్టులో ట్రాక్టర్ దిగబడ్డట్టే, తొక్కినకొద్దీ లోపలికే పోతుంది. తిన్నె వాలు మీద అడ్డంగా తిప్పితే బోల్తా కొట్టే ప్రమాదం ఉంది. ముందు పోయిన బండి అవతల దిగి వాకీటాకీలో చెప్పేదాకా రెండోది కదలొద్దు, ఎందుకంటే కొస మీద అవతల ఏముందో కనపడదు. తిరిగి తారెక్కే ముందు కంప్రెసర్‌తో మళ్లీ గాలి నింపాడు. గాలి తక్కువున్న టైరుతో స్పీడుగా పోతే వేడెక్కి పగులుతుంది, ఇది లారీ నడిపిన ఎవర్నడిగినా చెప్తారు.

కాబట్టి మొదట కంప్రెసర్ సంగతి అడగండి. తర్వాత అందరికన్నా వెనక వచ్చే కారులో ఎవరుంటారని అడగండి. అందులో మెకానిక్, లాగే పట్టా లేవంటే అది కాన్వాయ్ కాదు, ఊరేగింపు. ఇంకోటి, మా వాళ్లు కాగితంలో ‘డెజర్ట్ సఫారీ’ అని రాసి, తీరా పోయాక జీపు పైసలు వేరే అన్నారు. ఏది కలిసింది, ఏది కలవలేదు అన్నది వాట్సాప్‌లో అయినా రాయించుకోండి.

జైసల్మేర్ నుంచి తనోట్ పోయే దారిలో రామ్‌గఢ్ వైపు పోతుంటే ఇందిరాగాంధీ కాలువ పాయ తగులుతుంది, ఆపమనండి. పంజాబ్‌లో హరికే దగ్గర మొదలై 600 కిలోమీటర్లకు పైగా వచ్చిన కాలువ అది. మా పాలమూరోళ్లు కాలువలు తవ్వడానికి దేశమంతా పోయినవాళ్లు కదా, నాకు అక్కణ్నుంచి కదలబుద్ధి కాలేదు. వెనకవాళ్లు హారన్లు కొట్టారు, కొట్టనీ.

నాగర్‌కర్నూల్ పిట్టల పిచ్చి:
అన్న బండి సంగతి బాగా చెప్పాడు. నాది ఇంకో మాట. ‘ఎవ్వరూ చూడని తిన్నెలు చూపిస్తాం’ అని గైడ్ అంటే, అవి డెజర్ట్ నేషనల్ పార్క్ లోపలివేమో అడగండి మేడం. అక్కడ అంతరించిపోయే దశలో ఉన్న బట్టమేక పిట్ట ఉంటుంది. నేల మీదే, మామూలుగా ఒక్క గుడ్డే పెడుతుంది. కృష్ణ దాటితే మనకు దగ్గర్లోనే ఉన్న రోళ్లపాడు అభయారణ్యం ఆ పిట్ట కోసం పెట్టిందే. దాని చోట్లో జీపులు అడ్డదిడ్డంగా తిప్పే గ్రూపుతో పోకపోవడమే మేలు.

అత్తమ్మగారిని ఒంటె మీద ఎక్కించొద్దు. ఒంటె ముందు వెనక కాళ్ల మీద లేస్తుంది, మనిషి ముందుకు తూలుతాడు, ఆ కుదుపు మోకాళ్లకూ నడుముకూ మంచిది కాదు. సమ్ దగ్గర ఒంటె బండ్లుంటాయి, అందులో కూర్చోబెట్టండి. జనవరి రాత్రి టెంటులో చలి మామూలుగా ఉండదు, స్వెట్టర్‌తో పాటు మంకీ క్యాప్, సాక్సులు ఉండాల్సిందే. బాత్రూం టెంటులోనేనా, బయటనా కనుక్కోండి. సమ్ క్యాంపుల్లో డీజే మోత చాలాసేపు ఉంటుంది, పెద్దవాళ్లకు ఖూరీ అనే ఇంకో తిన్నెల ఊరి వైపు నయం. తిండికి భయం లేదు, సజ్జరొట్టె అక్కడా దొరుకుతుంది.

నల్గొండ సోషల్ టీచర్:
అన్నా, తమ్ముడూ, చాలా థ్యాంక్స్. ఫోన్ చేసి అడిగాను. వెనక కారులో మెకానిక్ ఉంటాడట, కంప్రెసర్ రెండు కార్లలో ఉంటుందట. పార్కు గురించి అడిగితే ‘కనుక్కుని చెప్తాం’ అన్నారు, ఇంకా చెప్పలేదు. మా ఆయన రైలుకు సగం ఒప్పుకున్నాడు. 1971 యుద్ధం పాఠం చెప్పినప్పుడల్లా పిల్లలకు లోంగేవాలా గురించి చెప్తుంటాను, అక్కడి ట్యాంకుల ముందు ఫొటో దిగాలని నాకూ ఉంది. తనోట్ గుడి దాటి బోర్డర్ దాకా తీసుకుపోతారా?

జడ్చర్ల లారీ ఓనర్:
దానికి బీఎస్‌ఎఫ్ పర్మిషన్ కావాలి చెల్లెమ్మా, ఎవరైనా గ్యారంటీ అంటే నమ్మకండి. తనోట్ గుడి చూసుకునేది కూడా బీఎస్‌ఎఫ్ వాళ్లే. 1965 పాకిస్తాన్ యుద్ధంలో పడి పేలని బాంబులు గుడిలోనే పెట్టారు, అవి చూపించండి అత్తమ్మకు. అందరి ఆధార్ కార్డులు దగ్గర పెట్టుకోండి. డీజిల్ జైసల్మేర్‌లోనే ఫుల్ చేయించండి, రామ్‌గఢ్ దాటాక ఫోన్ సిగ్నల్ మీద ఆశ పెట్టుకోవద్దు. పార్కు సంగతి వాళ్లు చెప్పేదాకా అడ్వాన్స్ కట్టొద్దు. రైలు టికెట్లు మాత్రం ఆపకండి, 60 రోజుల ముందు బుకింగ్ తెరిచిన పొద్దున్నే కూర్చోండి. పండగకు వెయిటింగ్ లిస్టు తప్ప ఇంకేం మిగలదు.